నేను కత్తిరించిన నవ్వు

ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది సార్ అని. ఏదైనా ఒకటే, తీసేసిన ముక్కలు ఎక్కడ పడేశావో మాత్రం గుర్తుపెట్టుకో అంటాను. ముసలాయన ఏదో దాటవేస్తున్నాడనుకుని వెళ్ళిపోతారు. ఉద్యోగమంతటిలో నేను నేర్చుకున్నది ఆ ముక్క ఒక్కటే. అది కూడా ఆఫీసులో నేర్చుకోలేదు. కర్నూలు పక్కన కల్లూరులో, ఒక జొన్నరొట్టెల కొట్టులో, చేతులకు పిండి అంటించుకుని నేర్చుకున్నాను.

నేను పుట్టింది కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో. పనిచేసింది హైదరాబాదులో, ఒక టీవీ ఛానల్లో. ఇప్పుడు రిటైరై కడపలో ఉంటున్నాను. మొదట్లో వార్తలు కత్తిరించేవాణ్ణి. తర్వాత రియాలిటీ షోలకు మార్చారు. చెప్పబోయేది అందులో ఒక వంట పోటీ సంగతి. వదినా మరదళ్ళు జంటలుగా వచ్చి వండాలి. చూసేవాళ్ళకు అది వంట పోటీ. మాకు కావలసింది తగువు.

మా ప్రోగ్రామ్ హెడ్‌ను అందరం మేడమ్ అనేవాళ్ళం. చెడ్డమనిషేమీ కాదు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునేది. సోమవారం మీటింగులో మాత్రం, కాఫీ ఎవరికి కావాలి అన్నంత మామూలుగా, ఈ వారం ఎవరు ఏడుస్తున్నారు అని అడిగేది. మేమూ అంతే మామూలుగా జవాబు చెప్పేవాళ్ళం.

ఆ సీజన్‌కు సీమ జంటలు కావాలన్నారు. కర్నూలులో ఫంక్షన్ హాలు ఒకటి తీసుకుని ఎంపికలు పెట్టాం. ఎడిటర్‌కు అక్కడ పని లేకపోయినా, మా వైపు మాట తెలిసినవాణ్ణని నన్నూ తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు పొద్దున్నే లేచి వండి, క్యారియర్లలో సర్దుకుని వచ్చారు. గుత్తొంకాయ, ఓళిగలు, నాటుకోడి పులుసు. మేము మూతలు కూడా తీయలేదు. ఒక్కొక్క జంటనూ కెమెరా ముందు కూర్చోబెట్టి, ఇంట్లో మీకు ఎవరిమీద కోపం ఎక్కువ అని అడిగాం. ఎవరిమీదా లేదన్నవాళ్ళకు నమస్కారం పెట్టి పంపేశాం. చెప్పబోయి, పక్కనున్న మనిషిని చూసి నోరు మూసుకున్నవాళ్ళను ఉండమన్నాం. ఎవరికి వంట వచ్చో, ఎవరికి రాదో ఆ రోజు మాకు తెలియదు. వెళ్ళేముందు ఆ క్యారియర్లన్నీ మా కెమెరావాళ్ళకే వడ్డించి వెళ్ళారు. వండిన కూడు తిరిగి ఇంటికి మోసుకుపోవడం మా వైపు అలవాటు లేదు.

ఆ గుంపులోనే వచ్చారు కల్లూరు వాళ్ళు. ఆటోలు ఆగేచోట జొన్నరొట్టెల కొట్టు నడిపే వదినా మరదళ్ళు. వదిన పొడుగు, నిదానం. రొట్టెలు తట్టేది ఆమె. మరదలు పొట్టి, చురుకు. కూరలు, పొడులు, ఊరిబిండి పచ్చడి ఆమె చేతివి. వదిన భర్త, అంటే ఆ మరదలికి సొంత అన్న, షేర్ ఆటో తోలుతాడు. కొట్టు మొదలుపెట్టింది అన్నాచెల్లెళ్ళ తల్లి. ఆమె పోయినాక పంచుకోమని చుట్టాలు చెప్పినా వినకుండా ఇద్దరూ కలిసే నడుపుతున్నారు.

కోపం ఎవరిమీద అన్న ప్రశ్నకు మరదలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మా వదినె మీదనే సార్. ఇంగెవరి మీద? దినామూ దొరికేది ఆ యమ్మే కదా."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. మేడమ్ మొహం చిట్లించింది. నవ్వేవాళ్ళు మాకు పనికిరారు. లైట్ల వెనక చీకట్లో కూర్చున్న నేను అప్పుడు మేడమ్ చెవి దగ్గర కల్పించుకున్నాను. మా వైపు వదినా మరదళ్ళకు తిట్టుకోవడమే ముద్దు మేడమ్, తిట్టు ఎంత ఘాటుగా ఉంటే చనువు అంత ఎక్కువ, మాటలు దండిగా వస్తాయి, వెనకాల వచ్చే నవ్వు ఒక్కటి తీసేస్తే సరిపోతుంది అన్నాను. మేడమ్ నా వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపుకు నేను పొంగిపోయాను. మా అమ్మ, మా మేనత్త ఒకరినొకరు తిట్టుకుంటూ చెనిక్కాయలు ఒలిచే వసారాలో పెరిగినవాణ్ణి నేను. ఆ వసారాను తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

షూటింగ్ అదే హాలులో జరిగింది. తగువు పుట్టించడానికి మా దగ్గర కొన్ని పద్ధతులుండేవి. ఇద్దరికీ కలిపి ఒకటే ఉప్పు డబ్బా పెడతాం. ఒక పొయ్యికి మంట తక్కువ వచ్చేట్లు చూస్తాం. మైకుల్లో శబ్దం వస్తుందని చెప్పి ఫ్యాన్లు ఆపేస్తాం. భోజనం ఆలస్యం చేస్తాం. ఆకలి వేస్తే మనుషులకు నిజాయితీ వస్తుందని మేడమ్ నమ్మకం. కల్లూరు వాళ్ళ దగ్గర ఒక్కటీ పారలేదు. ఉప్పు డబ్బాను బంతిలా విసురుకున్నారు. మంట తక్కువైతే, ఇదేం పొయ్యి, పెండ్లి చూపులకొచ్చిన పిల్లోని మాదిరి సిగ్గుపడతాంది అని వదిన అంటే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. భోజనం రాకపోతే, పోటీకి చేసిన రొట్టెలే తుంచి కూరలో అద్దుకుని తిన్నారు. మాకూ పెట్టారు. తెర వెనక ఉన్న నా దాకా వస్తే నేనూ తిన్నాను. చాలా బాగుంది.

చివరి రౌండులో ఒకరి వంట గురించి ఇంకొకరు చెప్పాలి. నేను తెర వెనక కూర్చుని, స్పీకరులో, ఇంగొకసారి చెప్పక్కా, ఇంకా గట్టిగా చెప్పక్కా అంటూ ఎగదోస్తున్నాను. మరదలు మొదలుపెట్టింది.

"మా వదినె రొట్టె సంగతేం చెప్పేది సార్. పెండ్లైన కొత్తల్లో మాయన్న దాన్ని కొరికి పన్ను పోగొట్టుకున్యాడు. ఇప్పుడు ఆ సందులోనుంచే ఈలేస్తాండాడు."

"నీ కూరకు ఉప్పెయ్యను నేర్పిచ్చిందెవరు మే?" అంది వదిన. "మీయమ్మా? ఆ యమ్మకే రాదు."

మరదలు ఆమె భుజం మీద ఛెళ్ళున ఒకటి వేసింది. ఆ వెంటనే ఇద్దరూ విరగబడి నవ్వారు. నవ్వి నవ్వి వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఇంకో మాట అంది. ఆ తర్వాత దాహమై నీళ్ళకోసం బయటికి వెళ్ళింది. జరిగింది అంతే.

ఎడిటింగ్ బల్ల మీద నేను చేసింది కూడా పెద్ద పనేం కాదు. ఆ యమ్మకే రాదు అన్న మాట దగ్గర ఆపాను. భుజం మీద దెబ్బకు ధడేల్‌మనే శబ్దం చేర్చి, మళ్ళీ మళ్ళీ చూపించాను. నవ్వు మొత్తం తీసేశాను. కళ్ళు తుడుచుకోవడం ఉంచాను. నీళ్ళకు వెళ్ళిన మనిషిని వెనకనుంచి చూపించి కింద వయొలిన్ పెట్టాను. పాలు పొంగుతాయేమోనని మరదలు గిన్నెవైపు గుడ్లురిమి చూసిన చూపు ఒకటి పొద్దున తీసింది దొరికితే, వదిన వీపు పక్కన అతికించాను. ఒక్క మాట కూడా నేను కల్పించలేదు. అన్నీ వాళ్ళవే.

పని బ్రహ్మాండంగా కుదిరింది. అప్పుడు నాకు సిగ్గు వేయలేదని కూడా రాయాలి. గర్వంగానే ఉండింది. ప్రోమో రోజంతా తిప్పారు. మేడమ్ జిలేబీలు తెప్పించింది. నేను రెండు ఎక్కువే తిన్నాను.

కొన్ని నెలల తర్వాత చుట్టాల గృహప్రవేశానికి కల్లూరు వచ్చాను. అక్కడ లేచిన కొత్త ఇళ్ళలో ఒకటి ఆ చుట్టాలది. కార్యక్రమం అయ్యాక జొన్నరొట్టె తినాలనిపించి ఆ కొట్టు ఎక్కడని అడిగాను. ఏ కొట్టు, రెండుండాయి కదా అన్నారు.

వెళ్ళి చూస్తే కొట్టు మధ్యలో నిలువునా రేకు కొట్టి ఉంది. రేకుకు ఇటు వదిన, అటు మరదలు. రెండువైపులా అమ్మ చేతి రొట్టెలు అనే బోర్డే. కొట్టంటే పంచుకున్నారు కానీ చేతులను పంచుకోలేరు కదా. వదిన వైపు రొట్టె వెన్నలా విరుగుతోంది, కూర మాత్రం నీళ్ళలో ముంచిన గుడ్డలా ఉంది. మరదలి వైపు కూరకు ప్రాణం లేచివస్తోంది, రొట్టె మాత్రం అంచులు పగిలి, నడిమధ్య పచ్చిగా ఉంది. ఆటోవాళ్ళు అటు తినలేక, ఇటు తినలేక, దూరంగా ఇడ్లీ బండికి మళ్ళారు. అందరిలోకీ కష్టం ఆ అన్నది. వాళ్ళమ్మను అన్నదని భార్య చేతి కూడు మానేసి, చెల్లెలి వైపు కూర్చుని ఆ పచ్చి రొట్టెలే పంతానికి నములుతున్నాడు. ఇంకో పన్ను పోయినా ఆశ్చర్యం లేదు.

వదిన వైపు బల్ల మీద కూర్చున్నాను. ఏమీ తెలియనట్లు, రేకు ఎందుకక్కా అని అడిగాను. రొట్టె తడుతూనే చెప్పింది. మొదట ఆ కార్యక్రమాన్ని ఇద్దరూ కలిసే చూశారట. ఇదేంది మే ఇట్ల జేసినారు అని నవ్వుకున్నారట. తర్వాత చుట్టాలు రావడం మొదలైంది. చచ్చిపోయిన మనిషిని అంత మాటంటుందా అన్నారు. భర్త అడిగాడు. నవ్వులాటకు అన్నానని ఈమె చెబితే, టీవీలో నవ్వలేదు కదా అన్నాడు. ఫోనులో తీసి చూపించాడు. మరదలు కూడా చూసింది. రోజూ ఎవరో ఒకరు చూపిస్తూనే ఉన్నారు.

"చూసి చూసి నాకే అనుమానమొచ్చింది సార్," అందామె. "ఆ పొద్దు నేను నవ్వినానో, లేక నవ్వినాననుకుంటాండానో. దానిక్కూడా అట్లనే అయిండాది. లేకుంటే రేకు కొడతాంటే ఊరకుంటాదా?"

 ఏదో ఒకటి మాట్లాడాలని, ఇంగొక రొట్టె ఎయ్యక్కా అన్నాను. ఆమె చేతులు ఆగాయి.

"నీ గొంతు యాడనో విన్యానే. ఏం పని చేస్తావు?"

ఎర్రగుంట్లలో సిమెంటు వ్యాపారం అన్నాను. ఆమె నన్నొకసారి చూసి రొట్టె వేసింది. నేను దాన్ని సగం తిని లేచిపోయాను. ఇప్పటికీ మా ఇంట్లో నేను ఏదైనా అబద్ధం చెబితే మా ఆవిడ, సిమెంటు ధర ఎట్ల ఉండాది అని అడుగుతుంది.

హైదరాబాదు వెళ్ళగానే ఫుటేజీ దాచే స్టోరుకు పరుగెత్తాను. ఆ నవ్వు ఒక్కటి దొరికితే తీసుకెళ్ళి వాళ్ళకు చూపిద్దామని. దొరకలేదు. సీజన్ ముగియగానే ముడి ఫుటేజీ అంతా చెరిపేసి డిస్కులు మళ్ళీ వాడుకోవడం మా ఆఫీసు పద్ధతి. ఆ పద్ధతి పెడితే బాగుంటుందని ఒకప్పుడు సలహా ఇచ్చింది నేనే.

మేడమ్‌కు సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. బాధపడింది కూడా. ఆ తర్వాత, ఇద్దరినీ స్టేజి మీదికి పిలిచి కలిపేద్దాం, మధ్యలో నిజంగానే ఒక రేకు పెడదాం అంది. ఛీ అనుకున్నానని మీరు అనుకోవచ్చు. లేదు. ఒక నిమిషంలోపే నా తలలో ప్రోమో తయారైపోయింది. రేకు మెల్లగా పైకి లేస్తుంది, రెండు జతల పాదాలు కనిపిస్తాయి. అది ఎంత బాగా వచ్చిందంటే నాకే భయం వేసింది. వద్దు మేడమ్ అని బయటికొచ్చి సెలవు పెట్టాను.

మళ్ళీ కల్లూరు వెళ్ళింది మధ్యాహ్నం భోజనాల వేళ. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. అన్న చెల్లెలి వైపు కూర్చుని రొట్టె నములుతున్నాడు. ఆటోవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. నేను నిలబడి, ఆ టీవీ ముక్కను కత్తిరించింది నేనేనని చెప్పాను.

అన్న లేచాడు. మనిషి ఎత్తు కాదు కానీ స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడిన చేతులు.

"నువ్వేనా? మొన్న సిమెంటనంటివంట."

నవ్వు తీసేశానని, దెబ్బకు శబ్దం చేర్చానని, చూపులు మార్చానని వివరించాను. అతను తల అడ్డంగా ఊపాడు. శబ్దం నువ్వు ఏసినావు సరే, మాయమ్మను అనిన మాట ఆయమ్మదే కదా అన్నాడు. చిక్కంతా అక్కడే.  ఆ మాట నవ్వుతూ అన్నదని చూపించడానికి ఉన్న నవ్వును నేనే చెరిపేశాను.

కొట్టాలనుకుంటే తర్వాత కొట్టు, ముందు నేనడిగేవాటికి నాలుగు మాటలు చెప్పు అని ఫోను అతని ముందు పెట్టాను. ఆటోవాళ్ళు ఉషారుగా చుట్టూ మూగారు. మీ చెల్లెలి గురించి చెప్పు అన్నాను. బంగారమప్పా మా చెల్లెలు అన్నాడు. ఊరి సంగతులు అడిగాను. నీ ఆటో ఎట్ల ఉండాది అని అడిగాను. ఆ ప్రశ్నకు మాత్రం అతను కడుపులో ఉన్నదంతా కక్కాడు. మధ్యలో చెల్లెలు పొయ్యి మీద రొట్టె మాడుతుంటే మొహం ముడుచుకుంది. అదీ తీసుకున్నాను.

బల్ల మీదే కూర్చుని కత్తిరించాను. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఫోను ముందు ఆటోవాళ్ళ చేతికిచ్చాను. వాళ్ళు చూసి ఒకరి మీద ఒకరు పడ్డారు. తర్వాత చెల్లెలు లాక్కుని చూసింది. అందులో నా గొంతు, మీ చెల్లెలి గురించి చెప్పు అంటుంది. అన్న నిట్టూర్చి, "దాంతో ఏగలేక సస్తాండానప్పా. ఎప్పుడు జూసినా ఒగటే మొత్తుకోవడం. పాత ఇనుమోనికి ఇచ్చేద్దామనుకుంటాండా," అంటాడు. వెంటనే చెల్లెలి మొహం, ముడుచుకుని.

ఎట్లా చేశానో ఆమె కళ్ళముందే చేశాను. అయినా ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"నన్ను పాత ఇనుమోనికి ఇస్తావాన్నా?"

"ఆటో గురించి అంటి గదమ్మే! నీ ఎదురుగానే కదా అనింది!"

అప్పుడు రేకు అవతలనుంచి వదిన గొంతు నిదానంగా వినిపించింది.

"టీవీలో ఆటో లేదు కదా."

ఆ మాట అని ఆమె నవ్వింది. మొదట ఆపుకుంటున్నట్లు, తర్వాత ఆగక. రేకు కూడా దానితో కలిసి మోగింది. ఆటోవాళ్ళు నవ్వారు, నేను నవ్వాను, అన్న ఒక్కడూ నవ్వాలో వద్దో తెలియక ఫోను వైపు చూస్తున్నాడు. మరదలు మాత్రం నవ్వలేదు. తడి చేయి అలాగే పైకెత్తి పెట్టుకుని, చెవి ఒగ్గి వింటోంది.

"ఇదే," అంది. "ఇదే నవ్వు వదినె. ఆ పొద్దు గూడా ఇట్లనే నవ్వినావు. నీ నవ్వుకు నా మైకు గూడా ఊడిపోయింది."

అవతల నవ్వు ఆగింది. 

"నేను ఇంగొక మాట గూడా అన్యా," అంది వదిన. "ఇప్పుడు గ్యాపకమొస్తాంది. కూర రాకున్నా, మీయమ్మ నాకు రొట్టె నేర్పిచ్చింది, ఆ ఒక్కదాంతోనే అందరం బతుకుతాండాం అన్యా. అన్యా కదా సార్?"

అన్నావక్కా, అది కూడా నేనే తీసేశాను అన్నాను. ఆమె ఇంకో మాట అన్నదన్నదే గుర్తు, అదేమిటో తీసేసినప్పుడు పట్టించుకోలేదు. నిడివి ఎక్కువైందని తీశాను.

అన్న నన్ను కొట్టలేదు. చేతిలో ఉన్న రొట్టె ముక్కను ప్లేటులో పెట్టి, రేకు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు.  కాసేపటికి రొట్టె తడుతున్న చప్పుడు వినిపించింది. ఆ వెనకే మరదలు కూర గిన్నె రెండు చేతులా పట్టుకుని అటు నడిచింది.

నా శిక్ష సంగతి తర్వాత తేలింది. కొట్టి ఏం లాభం, ఈడ కూసోని తట్టు అంది వదిన. ఆ కొట్టులో కట్టెల పొయ్యి. నేను తట్టిన మొదటి రొట్టె పెనం దాకా రాలేదు, చేతిలోనే మూడు ముక్కలైంది. రెండోది భారతదేశ పటంలా వచ్చిందని ఎవరో అన్నారు, ఇంకెవరో శ్రీలంక కింద పడిందన్నారు. అన్న తిని చూసి, దీనికంటే మా చెల్లెలిదే నయమన్నాడు. పొగకు నా కళ్ళలోంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

ఆ తర్వాత మేడమ్‌ను బతిమాలి రైతుల కార్యక్రమానికి మారాను. రిటైరయ్యేదాకా అక్కడే. టమాటాకూ మిరపకూ తగువు పెట్టమని అక్కడ ఎవరూ అడగలేదు. వంట పోటీని నా తర్వాత ఇంకొకరు కత్తిరించారు. నాకంటే బాగా కత్తిరించారని చెప్పుకునేవారు. కల్లూరులో ఆ రేకు మాత్రం ఇంకా ఉంది. మధ్యలోంచి పీకి పడమటివైపు కొట్టారు, ఎండ తగలకుండా. కడప నుంచి కర్నూలు వెళ్ళినప్పుడల్లా దాని నీడలోనే కూర్చుని తింటాను.

ఆ రోజు మరదలు కూడా తన ఫోను తీసిందని నాకు తర్వాత తెలిసింది. అది కల్లూరు ఆటోవాళ్ళ ఫోన్లన్నింటిలో తిరిగి, చివరికి మా ఆవిడ దాకా వచ్చింది. అందులో వదిన, మీయమ్మ నాకు రొట్టె నేర్పిచ్చింది అన్న ఆ పాత మాటను ఇంకోసారి చెబుతుంది. వెంటనే నేను. పొయ్యి లేదు, పొగ లేదు, రొట్టె లేదు. నా మొహం ఒక్కటే, కళ్ళనిండా నీళ్ళతో. కింద ఎక్కడినుంచి తెచ్చిందో, వయొలిన్ కూడా పెట్టింది.

కత్తిరింపు చాలా శుభ్రంగా ఉంది. చూసినవాళ్ళు అడుగుతుంటారు, నిజంగానే ఏడ్చారా సార్ అని. మొదట్లో పొగవల్ల అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం లేదు.